ప్లుతం మలచిన ముఖం: ‘ఎ గ్రాండ్ డే అవుట్’ విద్యార్థి చిత్రంలో మాట, మౌనం

యానిమేషన్ విద్యార్థులు శిక్షణలో భాగంగా తీసే లఘుచిత్రాలను అభ్యాసకృతులుగా పరిగణించి, వాటిలోని చేతిపనిని మాత్రమే అంచనా వేయడం పరిపాటి. ఏ పాత్ర మాట్లాడాలి, ఏది మౌనంగా ఉండాలి అన్న నిర్ణయం ఆ చేతిపని నుంచే ఎలా రూపుదిద్దుకుంటుందో పరిశీలించడం సాహిత్య విమర్శకు కూడా అవసరమే. నిక్ పార్క్ ‘ఎ గ్రాండ్ డే అవుట్’ ఇందుకు తగిన ఉదాహరణ. ఇంగ్లండ్‌లోని జాతీయ చలనచిత్ర, టెలివిజన్ విద్యాలయంలో 1982లో పట్టా చిత్రంగా మొదలైన ఈ ప్లాస్టిసిన్ బొమ్మల కథ 1989లో గాని పూర్తి కాలేదు. పార్క్ 1985లో బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ సంస్థలో చేరి, దాని తోడ్పాటుతో చిత్రాన్ని ముగించాడు. నిడివి సుమారు 23 నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు నిలిపినా, పదహారు వేలకు పైగా భంగిమలు కావాలి. సంభాషణలో ప్రతి అక్షరం ఈ శ్రమను పెంచేదే.

కథ స్వల్పం. సెలవురోజున ఇంట్లో చీజ్ లేదని గ్రహించిన వాలెస్, తన కుక్క గ్రోమిట్‌తో కలిసి రాకెట్ కట్టుకుని చందమామ మీదికి వెళ్తాడు. మనకు చందమామలో కుందేలు కనిపించినట్లే ఆంగ్ల జానపద భావనలో చందమామ చీజ్ ముద్ద. అక్కడ నాణెం వేస్తే కదిలే ఒక పొయ్యి యంత్రం ఎదురవుతుంది.

వాలెస్‌కు గాత్రమిచ్చినవాడు పీటర్ సాలిస్. ‘చీజ్’ అన్న పదాన్ని అతడు సాగదీసి పలికిన తీరును అనుసరించే వాలెస్ నోరు అడ్డంగా, చెంపలదాకా విస్తరించిందని పార్క్ చెప్పాడు. మన పరిభాషలో ఇది తాలవ్యమైన ‘ఈ’కారానికి ప్లుతోచ్చారణ. ‘ఈ’ పలికేటప్పుడు పెదవులు పక్కలకు సాగుతాయి. మూడు మాత్రల కాలం నిలిపితే ఆ సాగుదల స్ఫుటంగా కనిపిస్తుంది. ముందు పాత్ర రూపం, తర్వాత దానికి గొంతు అన్న క్రమం ఇక్కడ తలకిందులైంది. పార్క్ కోరింది తన స్వస్థలపు లాంకషైర్ యాస. సాలిస్‌కు చేతనైనది యార్క్‌షైర్ యాస. చివరకు గాత్రధారికి వచ్చిన యాసే పాత్రకు స్థిరపడింది.

గ్రోమిట్ కూడా తొలి ఆలోచనలో మాట్లాడవలసినవాడే. కనుబొమ్మ మడత కదిపితే చాలునని చిత్రీకరణలో తేలడంతో పార్క్ ఆ మాటలను విడిచిపెట్టాడు. తెరమీది గ్రోమిట్‌కు నోరే లేదు. వాలెస్ తలుపును కోస్తుండగా దానికి ఆధారంగా నిలబడ్డ గ్రోమిట్‌ను చూస్తే ఆ నిర్ణయపు ఔచిత్యం బోధపడుతుంది. వాలెస్ మాటలన్నీ ప్రధానంగా అతణ్ణి ఉద్దేశించినవే కాబట్టి ఆ మౌనం ప్రత్యుత్తరంగా పనిచేస్తుంది. శ్రమను తగ్గించుకోవడానికి చేసిన పని అభినయ పద్ధతిగా మారింది. అయితే శ్రమ తగ్గించే ప్రతి మౌనానికీ ఈ గౌరవం దక్కదు. వినే పాత్రకు చెప్పే పాత్ర తోడుగా ఉన్నప్పుడే అది సాధ్యం.

పొయ్యి యంత్రం మౌనం వేరు. దానికి వినేవారే లేరు. భూమి మీది మంచులో జారే ఆటను బొమ్మలో చూసి అది పడే ఆరాటం, రాకెట్ వెళ్లిపోయాక రెండు రేకుముక్కలతో చందమామ మీదనే జారుకోవడం చిత్రంలోకెల్లా ఆర్ద్రమైన ఘట్టం. ఆగ్రహం నుంచి ఆరాటానికి మార్పు మరీ త్వరగా జరిగిందన్నది వాస్తవమే. రాకెట్ నిర్మాణానికి వెచ్చించిన కాలంలో కొంత ఇక్కడ వెచ్చించవలసింది.

ఈ చిత్రం తెలుగు విద్యార్థికి నేర్పేది మౌనం కంటె ఉచ్చారణ గురించే ఎక్కువ. పెదవుల కదలికకు విస్తృతంగా వాడే పట్టికలు ఆంగ్ల ధ్వనులను బట్టి కూర్చినవి. ఆంగ్లంలో పదమధ్య ద్విత్వానికి అర్థభేదక శక్తి లేదు, తెలుగులో ఉంది. ‘ఆపు’, ‘అప్పు’ రెండూ ఛందస్సులో గురులఘువులే, మూడేసి మాత్రలే. తెరమీద మాత్రం రెండూ ఒకటి కావు. మొదటిదానిలో నోరు తెరుచుకుని ఎక్కువసేపు నిలుస్తుంది. రెండవదానిలో పెదవులు మూసుకుని నిలుస్తాయి. కాబట్టి గణవిభజన కాలాన్ని కొలవడానికి ఉపకరిస్తుందే గాని, బొమ్మ గీయడానికి చాలదు. త, ట వర్గాల భేదమైతే పెదవుల మీద దాదాపు కనిపించదు. అక్కడ విద్యార్థికి శ్రమ తప్పుతుంది.

మాండలికం సంగతి మరింత చిక్కైనది. కోస్తాలో ‘వచ్చావా’ అన్నది తెలంగాణలో ‘వచ్చినవా’. మొదటిదానిలో రెండు ‘ఆ’కారాలకు నోరు రెండుసార్లు బాగా తెరుచుకుంటుంది. రెండవదానిలో ‘చి’ దగ్గర పెదవులు పక్కలకు సాగి, నోరు పూర్తిగా తెరుచుకోవడం చివరి అక్షరం దాకా ఆగుతుంది. మాట్లాడే పాత్రలకు సాధారణంగా గాత్రం ముందు నమోదై, భంగిమలు దాన్ని అనుసరిస్తాయి గనుక, పాత్ర ఏ ప్రాంతపు తెలుగు మాట్లాడుతుందో మొదటి బొమ్మ గీయకముందే తేలిపోవాలి. సంభాషణను ప్రామాణిక భాషలో రాసి, యాసను తర్వాత అద్దుకోవచ్చుననుకుంటే అప్పటికే నోరు వేరే మాట పలికి ఉంటుంది.