సూదిమొన మీద పువ్వు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. ఆ ఊరి పేరు మీద దేశాలు తిరుగుతున్న లేసులో ఈ ఒడ్డు ఆడవాళ్ల చేతిపని కూడా ఉంది. మధ్యాహ్నం వంట ముగిశాక అరుగు మీద చేరి, కబుర్లాడుకుంటూనే అల్లుతారు.

పనిముట్టల్లా చివర చిన్న కొక్కెం ఉన్న సూది ఒక్కటే. ఎడమ చేతి వేలికి దారం చుట్టి, కొక్కెంతో ముడిలోంచి లాగితే ఒక గొలుసు. కొన్ని గొలుసుల్ని గుండ్రంగా కలిపితే పువ్వుకి నడిమి బొడ్డు, దాని చుట్టూ రేకులు. బిగువు ఎక్కువైతే పువ్వు ముడుచుకుంటుంది, తక్కువైతే వేలాడుతుంది. ఆ మధ్యస్థం వేళ్లకే తెలుసు. ఎంత చూసినా నాకు తనివి తీరదు! పువ్వులన్నిటినీ కలపడం అతుకుపని, అదో వేరే నేర్పు.

17వ శతాబ్దపు యూరప్‌లో లేసు ప్రభువుల మెడపట్టీల సొగసు. మగవాళ్లూ మోజుగా వేసుకునేవారు. 19వ శతాబ్దంలో మిషనరీల వెంట ఈ కొక్కెం అల్లిక గోదావరి సీమకు వచ్చింది. యంత్రాలు దీన్ని పోలిన లేసు గజాల కొద్దీ నేస్తాయే గానీ, బజారులో దొరికే అసలు కొక్కెం అల్లిక ఇంకా చేతిదే.

ఈ శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా కొట్టిపారేసి కూలి ఎలా తగ్గిస్తారో 1982లో సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ తన పుస్తకంలో చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుతో పెరిగే ధరలో అల్లినావిడ వాటా కూడా పెరగాలి.