వంత అడిగే ప్రశ్న

మిరపకు నల్ల తామర పురుగు సోకితే ఏం చేయాలో చెప్పే వీడియో ఒకటి ఈ వారం గుంటూరు పల్లెల్లో ఫోన్లలో తిరిగింది. చెప్పినవన్నీ పనికొచ్చే సంగతులే. 2021లో ఆ పురుగు తోటల్ని ఊడ్చిపెట్టడం చూసిన వారికి అవి అవసరం కూడా. అయినా ఈ కాలమిస్టుకు చిరాకే మిగిలింది. గట్టు మీద ఎవరి ఫోన్ వారు పట్టుకుని, ఎవరికి వారే వింటున్నారు. అప్పు తెచ్చి కొట్టిన మందు పని చేయకపోతే ఎలా అని అడిగే మనిషి తెర మీద లేడు.

ఇలాంటప్పుడు బుర్రకథకుడు షేక్ నాజర్ గుర్తుకు రాక మానరు. 1920లో తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట పుట్టి, కమ్యూనిస్టు పార్టీ కళా సంఘమైన ప్రజానాట్యమండలిలో చేరి, బుర్రకథను ఊరూరా నిలబెట్టారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఆయన నోట మార్మోగాయి. 1986లో పద్మశ్రీ వచ్చింది. అంగడాల వెంకట రమణమూర్తి అక్షరాల్లో పెట్టిన ఆయన జీవితకథ పేరు ‘పింజారి’.

బుర్రకథ ఒక్కడితో నడవదు. తంబురా భుజాన వేసుకుని, అందెలు మోగిస్తూ కథకుడు ముందుకూ వెనక్కూ అడుగులేస్తుంటే, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు ఉంటారు. హాస్యపు వంత ఏమీ తెలియనట్టు అడ్డు తగులుతాడు. జనం అడగడానికి మొహమాటపడే ప్రశ్న అతని నోటి నుంచి వస్తుంది. రాజకీయపు వంత బొబ్బిలి కోట దగ్గర కథ ఆపి, ఆ ఏటి పన్నుల సంగతి ఎత్తుతాడు. చదువు రానివారు కూడా ఆ రాత్రి కూర్చున్నచోటే చరిత్ర నేర్చుకున్నారు, దానితో వాదించడమూ నేర్చుకున్నారు.

ప్రచారం చేరితే కళ చెడుతుందని ఈ కాలమ్ ఎన్నోసార్లు వాదించింది. నాజర్ దగ్గర ఆ వాదం నిలవదు. 1943 బెంగాల్ కరువును పార్టీ వేదిక మీద చెప్పిన రోజుల్లోనే బుర్రకథ పదునెక్కింది; ఆ పదునుకు భయపడే పాలకులు నిషేధాలు పెట్టారు. తర్వాత కుటుంబ నియంత్రణకూ అక్షరాస్యతకూ ప్రభుత్వాలే బుర్రకథలు చెప్పించాయి. వాటిలో చాలా చోట్ల వంతలు ఉన్నారు గానీ, ఎదురు ప్రశ్న పోయి తలూపడమే మిగిలింది.

కాబట్టి తప్పు ప్రచారానిది కాదు, ఫోన్‌దీ కాదు. నాజర్ సినిమాలోనూ కథ చెప్పారు. వీడియో అంటే ఆయన వెనక్కి తగ్గేవారు కాదు. గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తకు అటూ ఇటూ ఒక కౌలు రైతునూ, మందు కొట్టే కూలీనీ నిలబెట్టి తీయండి. పంట పోతే పరిహారం కౌలుదారుకా, భూమి యజమానికా అని కౌలు రైతు అడగాలి. మందు పడి ఒళ్లు మండితే ఆ రోజు కూలి ఎవరిస్తారని కూలీ అడగాలి. శాస్త్రవేత్త దగ్గర జవాబు లేకపోతే, ఆ మాటను కత్తిరించకుండా వీడియోలోనే ఉంచాలి.