ఏది ముందు? కబడ్డీ అంపైర్ నేర్వాల్సిన విద్య

రంగారెడ్డి జిల్లా ఊళ్లలో కబడ్డీ ఆడాలంటే చదునైన నేల, గీతలకు కాస్త సున్నం చాలు. ఆడించాలంటే అవి చాలవు. నాదర్‌గుల్ నుంచైనా, మరే ఊరి నుంచైనా స్కూల్ గేమ్స్‌కు వచ్చే పిల్లలు బలాన్ని, ఒడుపును వెంట తెచ్చుకుంటారు. న్యాయం మాత్రం ఈల పట్టిన పీఈటీ సారో, మేడమో చెయ్యాలి.

కబడ్డీ నియమాలు చదవడానికి తేలిక, మైదానంలో వర్తింపజేయడం కష్టం. చిక్కుముడి అనిపించే ప్రతి నియమమూ చివరికి అడిగేది ఒకటే: ఏది ముందు జరిగింది?

కూతనే తీసుకోండి. రైడర్ మధ్య గీత దాటకముందే ‘కబడ్డీ’ అనడం మొదలుపెట్టాలి. దాటాక అందుకుంటే వెనక్కి పంపి, ఎదుటి జట్టుకు ఒక పాయింటూ కూతకు వెళ్లే అవకాశమూ ఇస్తారు. రైడర్ అవుట్ కాడు. ఎదుటి కోర్టులో కూత తెగితే మాత్రం అవుటే. అందుకే అంపైర్ కన్ను కాలి మీద, చెవి గొంతు మీద ఉండాలి.

లాబీ ఇంకా గడుసుది. కోర్టుకు రెండు పక్కలా మీటరు వెడల్పున ఉండే ఆ పట్టీ, తాకిడి జరిగేదాకా బయటి నేల. జరిగిన క్షణం నుంచి ఆట నేల. రైడర్‌ను తాకకముందే డిఫెండర్ తొందరపడి అందులో కాలుపెడితే అతను అవుట్. ఆ తర్వాత ఎంత గట్టిగా పట్టినా ఆ పట్టు చెల్లదు.

బోనస్ దగ్గరే గొడవలెక్కువ. ఎదుట కనీసం ఆరుగురు డిఫెండర్లుండాలి. ఒక కాలు బోనస్ గీత అవతల నేలను తాకేటప్పుడు వెనక కాలు గాలిలో ఉండాలి. ఎవరినైనా తాకాక దాటితే బోనస్ లేదు. దాటాక పట్టుబడితే రైడర్ జట్టుకు బోనస్ పాయింటు, పట్టినవాళ్లకు మరో పాయింటు. బోనస్‌తో అవుటైనవాళ్లెవరూ తిరిగి కోర్టులోకి రారు. ఎదుటి ఆటగాడిని అవుట్ చేసి తెచ్చిన పాయింట్లకు వస్తారు, అదీ అవుటైన వరుసలోనే.

ఏది ముందో, ఏది వెనకో ఒక్క మనిషి కళ్లు పట్టలేవు కనుకే ఇద్దరు అంపైర్లు, ఒక రిఫరీ, స్కోరర్లు ఉంటారు. సాధారణంగా అంపైర్ల మాటే ఖాయం. ప్రత్యేక పరిస్థితుల్లో రిఫరీ కలగజేసుకుంటాడు.

ఈ తీర్పు విద్యను నేర్చుకునే దారి కోర్టులోనే ఉంది. పిల్లల చేత ఒక కూతను నెమ్మదిగా, నడకలో ఆడించాలి. ఎక్కడ తాకాడో, ఎప్పుడు లాబీలో అడుగేశాడో పైకి చెప్పుకోవాలి. ఆ తర్వాత వేగం పెంచాలి. పక్కన గీతను కాపు కాసేవారు గుంపు చేతుల్ని కాకుండా పాదాల్ని చూడటం అలవాటు చేసుకోవాలి.

కబడ్డీ 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటైంది. 2014 నుంచి ప్రో కబడ్డీతో టీవీలో ఇంటింటికీ చేరింది. ఆ స్థాయి ఆటగాళ్లకూ పునాది పడేది చిన్న మైదానాల్లోనే. అక్కడ తప్పుడు తీర్పు తిన్న పిల్లవాడు ఆట మీదే నమ్మకం పోగొట్టుకుంటాడు. కారణం చెప్పి అవుటిస్తే, ఓడినా నియమం నేర్చుకుని వెళ్తాడు. అందుకే ప్రతి హైస్కూల్లో జట్టును తయారుచేసినంత శ్రద్ధగా, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని అంపైర్లుగానూ తీర్చిదిద్దాలి. ఆట తెలిసిన ఊరికి తీర్పు తెలిసినవాళ్లూ కావాలి.