పద్మం ముందు ఎవరికి?

కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్‌కు 1980 ఫాల్కే పురస్కారం దక్కింది. బొంబాయి పోయి హిందీ సినిమాల్లో ఎదిగిన నటుడాయన. 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజు మార్లవాయిలోనే ఉండి గుస్సాడీ ఆడిండు, పిల్లలకు నేర్పిండు.

తర్వాత ఎవరంటే 'బలగం' (2023) తీసిన సిరిసిల్ల వేణు పేరు చెప్పేటోళ్లున్నరు. చావింటి కథలో మన మాటను తలెత్తుకునేలా చేసిన సినిమా అది. అయినా ఒక్క సినిమాకే తొందరెందుకు? వేణుకు ఇంకా కాలముంది.

గుస్సాడీ తెలిసిన ముసలోళ్లకు అంత కాలం లేదు. కనకరాజు 2024లో పోయిండు. పద్మ పురస్కారాలు మామూలుగా పోయినోళ్లకు ఇయ్యరు. పేర్లు మాత్రం ఎవరైనా పంపొచ్చు. ముందు ఆ పెద్దల పేర్లు పంపాలె.