కుందేటి వాకిలి

గడచిన ఆదివారము మా మేనకోడలి యింటికి పోయినపుడు ఆమె మణికట్టునకు కట్టు కట్టియుండెను. "మామయ్యా, దీనికి పిచ్చెక్కింది. గడ్డి పెట్టబోతే కరిచేసింది. ఎవరికైనా ఇచ్చేస్తాను" అనుచు ఆమె చూపిన తీగెల పెట్టెలో ఎనిమిది మాసముల ఆడుకుందేలు చెవులు వీపున కంటించుకొని గుఱ్ఱుమనుచుండెను.

పంజరములపై నాకుగల వైరమును ఈ శీర్షిక చదువువారు చిరకాలముగ నెఱుగుదురు. కావున దోషమంతయు ఆ పెట్టెదేయని నిశ్చయించి, దానిని తీసి పారవేయుమనుటకు నోరు తెఱచితిని. ఇంతలో ఆ జంతువు గడ్డిపరకలను నోట కఱచి మూలకు చేర్చుచు, తన ఱొమ్మున రోమములను తానే పెరికి వానిపై పఱచుచుండుట కంటబడి, మా యూరి కొట్టము జ్ఞప్తికి వచ్చెను.

మా నాయనగారి కాలమున అచ్చట ఎఱ్ఱ ఆవొకటి యుండెడిది. ఏడాది పొడుగున పసిపిల్లలచేత గంగడోలు నిమిరించుకొను ఆ సాధుజంతువు, ఈనిన కొలది దినములు మాత్రము దూడ దరికి ఎవరు వచ్చినను కొమ్ములు విసరుచుండెడిది. అపుడు మా పాలేరు చేతికఱ్ఱను బయటనే విడిచి, కనబడుటకు ముందే గొంతు వినిపించి, తవుడు కలిపిన కుడితిని ముందుంచుకొని గడపకడ కూర్చుండి, ఆవు తనంత తాను వచ్చి చేయి మూర్కొనువఱకు కదలెడివాడు కాడు. "పురిటిల్లు బాబూ, పిలవందే పోకూడదు" అనెడివాడు. అతడు దానిపై కోపించుట నేనెన్నడును చూడలేదు.

ఈ కుందేటికి పిల్లలు లేవు. అయినను ఈడు వచ్చిన ఆడుకుందేటికి గర్భము లేకయే సుమారు 16 మొదలు 18 దినములు గర్భభ్రాంతి కలుగుటయు, ఆ కాలమున అది గూడు కట్టి కాచుకొనుటయు ప్రకృతిసిద్ధము. పైగా కన్నులు తల కిరుప్రక్కల నుండుటచే వెనుకనుండి వచ్చునది దానికి కనబడును గాని ముక్కునకు నేరుగ ఎదుటనున్నది కనబడదు. ఎత్తునుండి దిగిన చేయి దానికి గ్రద్దకాలివలె తోచుట వింత గాదు. మన చేలలోని చెవులపిల్లి బొఱియ త్రవ్వదు. ఈ పెంపుడు జాతి ఐరోపాలో నేల త్రవ్వి, బొఱియలో పిల్లలను పెట్టు కుందేటి సంతతి. నేల లేని ఈ మూడవ యంతస్తులో ఆ తీగెల పెట్టెయే దానికి బొఱియ. దానిని తీసివేయుమనుట కెట్లు నోరాడును?

"పెట్టెను ఉండనియ్యి తల్లీ, తలుపు మాత్రం తెరిచిపెట్టు" అని చెప్పితిని. అది బయట తిరుగునపుడే గడ్డి మార్చుమనియు, గూటిని చెఱుపవలదనియు, కఱచినను కొట్టవలదనియు, కుందేళ్ల నెఱిగిన పశువైద్యునిచేత పండ్లు పరీక్ష చేయించి అండాశయములను, గర్భసంచిని తీయించు విషయము విచారింపుమనియు, శస్త్రచికిత్స జరిగినను ఈ ఉద్రేకము తగ్గుటకు కొన్ని వారములు పట్టుననియు కూడ చెప్పితిని.

సాయంకాలము మేమిద్దరము నేలపై ప్రక్కకు తిరిగి కూర్చుంటిమి. అరగంటకు అది ముందరి పాదమొకటి బయటపెట్టి, మరల లోనికి పోయెను. కొత్తిమీర రెమ్మలను వాకిట విడిచి, దీపము తగ్గించి వసారాలోనికి వచ్చితిమి.