పొగిడే గౌను, నప్పే గౌను

ఇంగ్లీషులో ఒక చిత్రమైన మాట వుంది. ఏదైనా బట్ట మనిషికి అందాన్నిస్తే అది "ఫ్లాటరింగ్"గా వుందంటారు. ఫ్లాటరీ అంటే ముఖస్తుతి అని మనం చిన్నప్పుడే బట్టీపట్టాం. అంటే ఆ బట్ట మనిషిని పొగుడుతోందన్నమాట! పొగడ్తలో నిజమెంతో, అబద్ధమెంతో పొగిడేవాళ్ళకే ఎరుక. మన తెలుగులో అలా అనం. "ఆ చీర నీకు భలే నప్పిందే!" అంటాం. నప్పడమంటే రెండు పక్షాలుండాలి. చీర మనిషిని ఒప్పుకోవాలి, మనిషి చీరని ఒప్పుకోవాలి. పొగడ్తకి అంత శ్రమ అక్కర్లేదు.

అమెరికాలో హైస్కూలు చదువు ముగించబోయే పిల్లలకి ఏటా వసంతకాలంలో "ప్రామ్" అని ఒక నాట్యవిందు జరుగుతుంది. ప్రొమెనేడ్ అన్న మాటకి అది ముద్దుపేరు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి కాలేజీల్లో మొదలై తర్వాత స్కూళ్ళకి పాకింది. ఆ రోజు మగపిల్లలు నల్లకోట్లు అద్దెకి తెచ్చుకుంటారు. ఒకడి కోటుకీ ఇంకొకడి కోటుకీ తేడా కనిపెట్టడం వాళ్ళని కన్నతల్లికి కూడా కష్టమే. ఇక ఆడపిల్లలకి నేల మీద జీరాడే గౌను, మణికట్టుకి పూలగుత్తి. తిప్పలన్నీ ఆ గౌను దగ్గరే వున్నాయి. ఏ గౌను కొనుక్కోవాలి, ఏది కొనుక్కుంటే అందంగా కనిపిస్తారు అన్న సంగతి మీద అచ్చయిన సలహాలు పోగేస్తే ఓ బీరువా నిండుతుంది.

ఆ సలహాలు చదువుతుంటే ముందు నవ్వొస్తుంది. ఒక పిల్ల పియర్ పండు, ఇంకో పిల్ల యాపిల్ పండు, అదృష్టవంతురాలు ఇసకగడియారం. ముందు నువ్వే పండువో తేల్చుకుని ఆ తర్వాత బజారుకి వెళ్ళమంటారు. పదిహేడేళ్ళ పిల్లని అద్దం ముందు నిలబెట్టి, "అమ్మాయీ, నువ్వే బుట్టలో పండువి?" అని అడగడం కంటే మొరటుతనం ఇంకేం కావాలి?

అయితే అందులో చెప్పిందంతా వృధా అననులెండి. నిగనిగలాడే సాటిను వెలుతుర్ని తిరగ్గొడుతుంది కాబట్టి ప్రతి వంపూ, ప్రతి ముడతా పైకి తెలుస్తాయి. షిఫాను జారుగా వుండి వాటిని పట్టించుకోదు. ఐమూలగా కత్తిరించిన గుడ్డ సాగి ఒంటిని అంటుకుంటుంది. నడుము కుట్టు రొమ్ము కిందికి జరిపితే కాళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. నడుము దగ్గర్నుంచి కిందికి కొంచెం కొంచెంగా వెడల్పయ్యే గౌను చాలామందికి కుదురుతుంది. ఆ రోజు వేసుకోబోయే చెప్పులు తొడుక్కుని మరీ అంచు కొలత తీయించుకోవాలి, లేకపోతే నాట్యంలో గౌనే కాళ్ళకి అడ్డం పడుతుంది. ఇవన్నీ దర్జీ విద్య. అనుభవంతో వచ్చిన మాటలు. వాటితో నాకు పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఆ వ్యాసాల్లో పదే పదే వచ్చే "దాచు" అన్న క్రియ దగ్గర. పొట్ట దాచు, తుంట్లు దాచు, భుజాలు దాచు. ఆడపిల్ల శరీరాన్ని ఒక తప్పుల చిట్టాగా ముందే రాసిపెట్టి, గౌనుని దానిమీద కప్పే దుప్పటి చేశారు. ఆ చిట్టా ఎవరు రాశారు, ఎవరి కళ్ళతో రాశారు అన్న ప్రశ్న ఎవరూ వేయరు. ఆ ప్రశ్న వేసింది కథలు రాసినవాళ్ళు. అలాంటివి నాలుగు తీసి చూద్దాం.

1868లో లూయీసా మే ఆల్కాట్ రాసిన "లిటిల్ విమెన్" మనలో చాలామంది చదివే వుంటారు. అందులో మెగ్, జో అనే అక్కచెల్లెళ్ళు ఒక నాట్యవిందుకి బయల్దేరతారు. ఇంట్లో డబ్బు లేదు. జో గౌను వెనక పక్క కాలి మచ్చ పడింది, అంచేత విందంతా వీపు గోడకి ఆనించుకుని వుండాలి. చేతితొడుగుల మీద నిమ్మరసం మరక. దానికి అక్కచెల్లెళ్ళు కనిపెట్టిన ఉపాయం చూడండి: బాగున్న జతని ఇద్దరూ చెరొకటి వేసుకుని, మరకపడ్డవాటిని చెరొకటి చేతిలో పట్టుకోవడం! వాళ్ళమ్మ కిటికీలోంచి కేకేసి అడిగింది శుభ్రమైన చేతిరుమాళ్ళు వున్నాయా అని. ఇంత చేసి జో ఎవరికంటా పడకుండా ఒక తెర వెనక్కి దూరితే, అక్కడ తనలాగే సిగ్గుపడి దాక్కున్న లారీ దొరుకుతాడు. ఇద్దరూ జనం లేనిచోట హాయిగా నాట్యం చేసుకుంటారు. కాలిన గౌను ఏ రకంగానూ జోని పొగడలేదు. అయినా ఆ నవలలో అంత సంతోషమైన నాట్యం మరొకటి లేదనిపిస్తుంది.

అదే నవలలో ఇంకో విందు వుంది. మెగ్ ధనవంతుల ఇంట్లో అతిథిగా దిగుతుంది. తన తెల్ల గౌను గురించి వాళ్ళు వెనకాల అనుకున్న మాటలు చెవిన పడతాయి. మర్నాటికల్లా కాకపోయినా, పెద్ద విందు నాటికి ఆ ఇంటి పిల్ల తన నీలిరంగు పట్టుగౌను అరువిస్తుంది. జుట్టుకి ఉంగరాలు చుట్టి, పౌడరు అద్ది, పెదాలకి రంగు పూసి, ఊపిరాడనంత బిగించి కట్టి మెగ్‌ని బొమ్మని చేస్తారు. లారీ వచ్చి, ఈ వేషం నాకు నచ్చలేదని మొహం మీదే అనేస్తాడు.

ఇక్కడ ఆల్కాట్‌తో నాకో తగువుంది. అరువు గౌను ఎందుకు నప్పలేదో మెగ్‌కి తన ఊపిరే చెప్పింది, తన కాళ్ళకి అడ్డంపడ్డ ఆ కుచ్చెళ్ళే చెప్పాయి. మళ్ళీ మగపిల్లాడి చేత తీర్పు చెప్పించడం దేనికి? ధనవంతుల పిల్లలు చూసిన చూపు ఒక తీర్పు, లారీ చూపు ఇంకో తీర్పు. పిల్ల మాత్రం బోనులోనే నిలబడి వుంది. మామూలు బట్టలు మంచివి, ఖరీదు బట్టలు చెడ్డవి అనే నీతి చెప్పడం తేలిక. ఆ తేలికదనం వల్ల ఈ విందు పాఠంలా మిగిలింది, కాలిన గౌను విందు కథలా మిగిలింది.

నీతి చెప్పడమంటే అంత ఇష్టమున్న టాల్‌స్టాయ్, విచిత్రంగా, గౌను దగ్గరకొచ్చేసరికి ఏ పాఠమూ చెప్పకుండా చూస్తూ నిలబడ్డాడు. 1875 నుంచి 1877 దాకా సీరియల్‌గా వచ్చిన "అన్నా కరేనినా"లో మాస్కో నాట్యవిందు ఘట్టం గుర్తుందా? స్కూలు విందు కాదుగానీ, కిట్టీది స్కూలు దాటిన వయసే, పద్దెనిమిదేళ్ళు. గులాబీరంగు మీద సన్నటి వలగుడ్డ గౌను. దాంతోనే పుట్టిందా అన్నంత తేలిగ్గా వుంటుంది పిల్ల. అన్నా ఊదారంగు గౌను వేసుకొస్తుందని కిట్టీ ఊహించుకుంది. ఆమె నల్ల వెల్వెట్‌లో వచ్చింది. అప్పుడు కిట్టీకి తెలుస్తుంది: అన్నా మీద బట్ట ఎన్నడూ కంటికి ఆనదు, ఆ నల్ల గౌను పటానికి కట్టిన చట్రం లాంటిది, కనిపించేది మనిషే.

గౌను గురించి ఇంతకు మించిన సలహా ఏ వ్యాసంలోనూ నాకు దొరకలేదు. పైగా టాల్‌స్టాయ్ అక్కడితో ఆగలేదు. కిట్టీ గౌను కూడా కిట్టీకి నప్పింది గదా? అయినా ఆ రాత్రి ఆమె మనసుపడ్డవాడు మజుర్కా నాట్యం అన్నాతో చేశాడు. నప్పిన గౌను వేసుకుంటే కోరుకున్నవాడు దొరుకుతాడని దుకాణాల ప్రకటనలు మాటిస్తాయి. టాల్‌స్టాయ్ ఆ మాట ఇవ్వడు. నప్పడం వేరు, గెలవడం వేరు.

ఇక నేరుగా ప్రామ్ గురించే వచ్చిన కథ, 1974లో స్టీఫెన్ కింగ్ ప్రచురించిన మొదటి నవల "క్యారీ". రక్తం, మంటలు వున్న దడుపు నవల కాబట్టి మన ఆడవాళ్ళు కొందరు దాన్ని ముట్టుకోరు. కానీ అందులో భయంకరమైనది ఆ పిల్ల మనసుతో వస్తువుల్ని కదిలించడం కాదనిపిస్తుంది నాకు. స్కూలంతా వెక్కిరించే క్యారీ ప్రామ్ కోసం తన గౌను తనే కుట్టుకుంటుంది. నవలలో అది ఎర్ర వెల్వెట్. 1976లో బ్రయన్ డి పామా తీసిన సినిమాలో లేత గులాబీ సాటిను. మతం ముదిరిన తల్లి ఆ గులాబీరంగుని చూసి ఎరుపంటుంది. కాదమ్మా, గులాబీరంగే అని పిల్ల చెప్పుకోవాల్సి వస్తుంది. రంగు మార్చినందుకు దర్శకుడిని మెచ్చుకోవాలి. గౌను ఎర్రగా వుంటే తల్లీకూతుళ్ళది అభిరుచుల తగువు. గులాబీ గౌను తల్లి కళ్ళకి ఎర్రగా కనిపించినప్పుడు, అది చూపులోనే వున్న జబ్బు. ఆ పిల్ల కుట్టిన గౌను ఆ పిల్లకి చక్కగా నప్పింది. చుట్టూ వున్న కళ్ళకే ఆ పిల్ల నప్పలేదు. తలమీద కిరీటం పెట్టిన మరుక్షణం బకెట్టుడు పందిరక్తం కుమ్మరించారు. దానికి ఏ కుట్టుపని సమాధానం చెబుతుంది?

1986లో వచ్చిన "ప్రెటీ ఇన్ పింక్" సినిమాలో ఆండీ కూడా బీదపిల్లే. తండ్రి కొనితెచ్చిన పాత గౌను ఒకటి, స్నేహితురాలు ఇచ్చిన ఆవిడ ప్రామ్ గౌను ఒకటి, రెండూ కత్తిరించి ఒకటి చేస్తుంది. ఫలితం చూసి చాలామంది పెదవి విరిచారు. నిజమే, నడుమన్నది లేకుండా, భుజాలు మాత్రం బయటికి పెట్టి, సంచిలా వుంటుంది. పండ్ల లెక్క ప్రకారం సున్నా మార్కులు. కానీ తోడు లేకుండా ఒక్కతే బయల్దేరిన పిల్ల ఆ గౌనులో తలెత్తుకుని వస్తుంది. ముందు తీసిన ముగింపులో ఆండీ చిన్ననాటి నేస్తంతోనే మిగులుతుంది. విడుదలకి ముందు చూసిన ప్రేక్షకులు అది నచ్చలేదంటే, డబ్బున్న కుర్రాడితో కలిపి మళ్ళీ తీశారు. సొంతంగా కుట్టుకున్న గౌనుకి రెడీమేడ్ ముగింపు తగిలించారన్నమాట. అతుకు అక్కడ కనిపిస్తుంది, గౌనులో కాదు.

పదకొండో శతాబ్దంలోనే కాశ్మీరంలో క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి చెబుతూ, మొలనూలు మెడలో వేసుకుని, హారం నడుముకి చుట్టుకుంటే ఎవరు నవ్వరని అడిగాడు. ఆయన చెప్పింది కవిత్వం సంగతి. నగ మంచిదే, మెడా మంచిదే, రెండిటికీ పొత్తు కుదరాలి, అంతే. మెడలో లోపముందని ఆయన అనలేదు చూడండి! మన "నప్పడం" ఆ వంశంలోదే.

అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళ ఆడపిల్లలు కూడా ఈ ప్రామ్‌లకి వెడుతున్నారు. ఆ ఇళ్ళలో తల్లులకి రెండు భయాలు. గౌను మరీ బయటపెడుతుందేమోనన్నది ఒకటి. అది కూర్చుని మాట్లాడుకుంటే తేలే సంగతి. రెండోది మనం ఇక్కణ్ణుంచి మూటకట్టుకుని వెళ్ళినది: "నువ్వు చామనఛాయే, ఆ రంగు నీకు కొట్టొచ్చినట్టుంటుంది, లేతరంగు తీసుకో." అక్కడి పండ్లబుట్టకీ, ఇక్కడి ఛాయల పట్టికకీ నాకేం తేడా కనిపించడం లేదు. ఆవపువ్వు పసుపూ, నెమలికంఠం రంగూ చామనఛాయ పిల్ల మీద ఎంత వెలిగిపోతాయో చూడ్డానికి అద్దం చాలు. ముందు "దాచు" అన్న మాట ఇంట్లోంచి బయటికి పంపాలి.

అంచేత కూతురితో గౌను కొనడానికి వెళ్ళిన తల్లి పిల్లని నాలుగు పనులు చేసి చూడమంటే మంచిది. చేతులు పైకెత్తమనాలి. కుర్చీలో కూర్చోమనాలి. గట్టిగా ఊపిరి తీయమనాలి. గుండ్రంగా తిరగమనాలి. ఈ నాలుగింటిలోనూ పిల్ల చెయ్యి గౌనుని సర్దుకోవడానికి వెళ్ళకపోతే ఆ గౌను కుదిరినట్టే. మెగ్ నీలిగౌను ఈ పరీక్షలో ఊపిరి దగ్గరే తప్పేది.

తర్వాత దుకాణం అద్దం ముందు పిల్ల వెనక్కి తిరిగి, "ఎలా వున్నానమ్మా?" అంటుంది. గౌను ఎలా వుందని కాదు, నేనెలా వున్నానని. ఆ ప్రశ్నకి జవాబు గౌను వంక చూసి చెప్పకండి. పిల్ల మొహం వంక చూసి చెప్పండి.