దిగుడు గేరు

బాన్సువాడలో ఘాట్ రోడ్డు మాట ఎత్తితే నవ్వుతారు. నిజాంసాగర్ నీళ్లు పారే మాగాణి నేల మాది. కానీ 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టే మాకు చిన్న చిన్న కొండల్ని ఇచ్చింది. అవే కాలువ కట్టలు. కోతలప్పుడు వడ్లు నింపిన ట్రాలీని తడి పొలంలోంచి లాగి, కట్ట ఎక్కించి, అవతల రోడ్డుకు దింపాలి. మా దగ్గర ట్రాక్టర్ నేర్చుకునే పోరగాళ్లకు అసలు పరీక్ష అదే. అది గట్టెక్కితే నిర్మల్ దాటాక వచ్చే మహబూబ్ ఘాట్‌కైనా భయపడరు.

ఎక్కేటప్పటి కష్టం అందరికీ కనిపిస్తుంది. ఇంజన్ మూలుగుతుంది, పొగ వదులుతుంది, ముందు చక్రాలు తేలిపోతుంటాయి. వాలు మధ్యలో ఆగితే మళ్లీ కదలడం గగనం. అందుకే ఇరుకైన వాలు దారిలో దిగే బండే ఆగి, ఎక్కే బండికి దారివ్వాలని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాశారు. మా కట్టల మీద ఎవరి హారన్ పెద్దదైతే వాళ్లదే దారి. అది వేరే సంగతి.

పనితనం తేలేది దిగేటప్పుడు. మా వైపు ఒక పెద్దాయన ఉన్నాడు, చిన్నాపెద్దా అంతా కాకా అనే పిలుస్తారు. కొత్తగా స్టీరింగ్ పట్టిన వాడికి ఆయన చెప్పేది ఒక్కటే: "ఎక్కిన గేరులనే దిగాలె. లోడు ఎక్కువుంటె ఇంకో గేరు తక్కువల దిగాలె. బ్రేకును నమ్ముకోకు కొడుకా."

బ్రేకును ఎందుకు నమ్మకూడదో లెక్క వేస్తే తెలుస్తుంది. ట్రాక్టరూ, ట్రాలీ, వడ్లూ కలిపి 8 టన్నులు అనుకుందాం. అంత బరువు 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి వచ్చేసరికి దాదాపు 25 లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి పుడుతుంది. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే ఆ వేడిలో చాలా భాగాన్ని రెండు వెనక చక్రాల బ్రేకులే మింగాలి. చాలా ట్రాక్టర్లలో కాలి బ్రేకులు పనిచేసేది ఆ రెంటి మీదే. కాలిన లైనర్ పట్టు తప్పుతుంది. పైగా పొలంలో మలుపు తిప్పుకోవడానికి ఎడమకో పెడల్, కుడికో పెడల్ ఉంటాయి. రోడ్డెక్కేముందు రెంటినీ కలిపి గొళ్లెం వేయడం మరిచిపోతే, కాలు ఒక్కదాని మీదే పడి బండి పక్కకు లాగేస్తుంది. అప్పటికే ట్రాలీ వెనక నుంచి నెడుతూ ఉంటుంది. నెట్టేదానికి ముందున్నది అడ్డం తిరిగిందా, ఇక డ్రైవర్ చేతిలో ఏమీ ఉండదు.

చిన్న గేరులో ఉంటే కథ వేరు. చక్రాలే ఇంజన్‌ను తిప్పాల్సి వస్తుంది. లోపల గాలిని నొక్కే కష్టం, రాపిడి కలిసి బరువును వెనక్కి పట్టి ఉంచుతాయి. ఎద్దుల బండి రోజుల్లో దిగుడులో ఎద్దులు కాళ్లు తన్నిపెట్టి, కాడిని మెడతో ఆపుతూ దిగేవి. ఆ పనే ఇప్పుడు ఇంజన్ చేస్తుంది.

అయితే ఈ గేరు వాలు మొదలవ్వకముందే పడాలి. లోడు మీదున్న పాత ట్రాక్టర్‌ను దిగుడు మధ్యలో న్యూట్రల్ చేస్తే, వేగం పెరిగాక మళ్లీ గేరు కలవదు. లివర్ కరకరమంటుంది, బండి ఉరుకుతుంది. కాకా కట్ట మీద ఒక్క క్షణం ఆగేది ఇందుకే. వెనకున్నవాళ్లు ముసలోడు భయపడుతున్నాడు అనుకుంటారు.

ఇంత తెలిసీ న్యూట్రల్‌లో ఎందుకు దిగుతారు? డీజిల్ కోసం. ట్యాంకులో పుల్ల ముంచి చూసే ఓనర్లున్నంత కాలం డ్రైవర్ ఆ పనే చేస్తాడు. నిజానికి ఆ లెక్కే తప్పు. గేరులో ఉండి, యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే ఇంజన్‌ను తిప్పేది వాలే. పంపులోని గవర్నర్ అప్పుడు డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆరిపోకుండా ఉండటానికి డీజిల్ కాలుతూనే ఉంటుంది. మిగులుతుందనుకున్న చోటే ఖర్చవుతుంది. మన కామారెడ్డి మీదుగా వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారే తమిళనాడులో ధర్మపురి దగ్గర తొప్పూరు ఘాట్ దిగుతుంది. న్యూట్రల్‌లో దిగిన లారీలు అక్కడ ఎన్ని ప్రాణాలు తీశాయో చెప్పడం కష్టం.

అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు పికప్ ట్రక్కుకు ట్రైలర్ తగిలించి, డెన్వర్ పడమటి కొండల్లో ఐ-70 రోడ్డు దిగాడట. అక్కడ కొన్నిచోట్ల వాలు 6, 7 శాతం ఉంటుంది. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి పక్కన కంకర దారులు కూడా వేశారు. "మామయ్యా, టో మోడ్ బటన్ నొక్కితే చాలు, అన్నీ అదే చూసుకుంటుంది" అన్నాడు. ఏం చూసుకుంటుందని అడిగాను. ఎక్కేటప్పుడు పై గేరుకు తొందరపడదు, మాటిమాటికీ గేర్లు మార్చదు, దిగేటప్పుడు బ్రేకు తొక్కితే తనే కింది గేరు వేసి ఇంజన్‌తో పట్టి ఉంచుతుంది అన్నాడు. కాకాను డబ్బాలో పెట్టి అమ్ముతున్నారన్నమాట అన్నాను.

ఆ బటన్ మీద నాకు పెద్దగా ఆశ పుట్టలేదు. అతను మాటల మధ్య తేలిగ్గా అనేసిన ఇంకో సంగతి మీద పుట్టింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఒక బరువు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. ముందు బండి ఆగుతుంటే వెనకది కూడా తనంతట తాను ఆగుతుంది, నెట్టదు. మా దగ్గర వడ్లు మోసే ట్రాలీల్లో అలాంటివి వెతికినా కనపడవు. వెల్డింగ్ షాపులో కొత్త ట్రాలీ చేయించేటప్పుడు బ్రేకుల మాట అడిగే రైతును నేనింకా చూడలేదు. పక్క రేకులు ఇంకో అడుగు పెంచమనే వాళ్లు మాత్రం రోజూ వస్తారు.